ఏడో జంట

పెళ్లిఫోటోలు తీసేవాణ్ణి పెళ్లిఫోటో తీస్తుండగానే చంపేశారు.

స్టూడియోలో పెళ్లిబట్టలు వేసుకున్న జంట ఒకటి తెర ముందు నిలబడి ఉంది. ఫోటోగ్రాఫర్ "నవ్వండి" అని మీట నొక్కాడు. ఫ్లాష్ వెలగలేదు. కెమెరా వెనకభాగంలోంచి సన్నటి ఉక్కు ముల్లు దూసుకొచ్చి అతని కనుబొమ్మ కింద దిగింది. ఆ జంట నవ్వుతూనే ఉంది. అతను కూలిపోయాక పెళ్లిబట్టలు విప్పి, మడత నలక్కుండా కొక్కేనికి తగిలించి, వెనక తలుపులోంచి వెళ్లిపోయింది. అద్దెబట్టలు మరి, నలిగితే జరిమానా వేస్తారు.

ముందు తలుపు తోసుకుని ముంగిస వచ్చేసరికి ఫోటోగ్రాఫర్ కొనఊపిరితో ఉన్నాడు. ముఠా గుట్టు చెబుతానని ఈ మనిషే పొద్దున కబురు పెట్టాడు.

"ఎవరు?" అన్నాడు ముంగిస, అతని తల ఒళ్లో పెట్టుకుని.

"సూది... సూది వాళ్లది... తడి తువ్వాలు కాదు."

అంతే. చచ్చేవాళ్లు ఎప్పుడూ ఇంతే, సగం చెప్పి పోతారు. మిగతా సగం కోసం బతికున్నవాళ్లు చావాలి.

ముంగిస రహస్య విభాగంలో ఏజెంటు. కాగితం మీద మాత్రం గొడుగుల గోదాములో గుమాస్తా. విభాగం ఆఫీసు ఆ గోదాము వెనకాలే ఉంది. తలుపు మీద 'పాత సామాను' అని బోర్డు. లోపల కూర్చునే పెద్దాయన్ని చూస్తే బోర్డు రాసినవాడు అబద్ధమాడలేదని తెలుస్తుంది.

పెద్దాయన టీలో బిస్కట్టు ముంచుతూ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"టీచరమ్మ ముఠా. విదేశీ రింగ్. పైకి వీసా కన్సల్టెన్సీ. లోపల పెళ్లిళ్ల ఫ్యాక్టరీ. మన దేశంవాణ్ణి ఒకణ్ణి పట్టుకొచ్చి బయటిదేశం గూఢచారికి అంటగడతారు. ఫోటోలు, ఉత్తరాలు, అద్దె ఒప్పందం అన్నీ వాళ్లే వండి వారుస్తారు. ఇంటర్వ్యూ దాటితే స్పౌజ్ వీసా. ఇక ఆ గూఢచారి మన దేశపు కోడలో అల్లుడో. ఎవడూ అడగడు."

"ఈసారి ఎవరు సార్?"

"సూది. ఇంతవరకు ఏ దేశంలో అడుగుపెడితే ఆ దేశంలో ఒక రహస్య కేంద్రం లేచిపోయింది."

"ఆడా, మగా?"

"చూసినవాళ్లు చెప్పడానికి మిగల్లేదు." బిస్కట్టు తెగి టీలో పడింది. పెద్దాయన దేశభద్రత ఆపి చెంచాతో దాన్ని వెతికాడు. "శుక్రవారం ముఠా తరఫున ఏడు జంటలు ఇంటర్వ్యూకి వెళ్తున్నాయి. ఏడో జంటలో మొగుడివి నువ్వు. మిగతా ఆరింట్లో సూది ఎవరో పట్టుకో."

"మరి నా పెళ్లాం?"

పక్కగది తలుపు తెరుచుకుంది. ముందు అత్తరు వచ్చింది, తర్వాత ఆకుపచ్చ పట్టు, ఆ తర్వాత మనిషి. గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ ఆమె కోసమే తిరుగుతున్నట్టు జుట్టు ఎగిరింది.

"నెమలి," అన్నాడు పెద్దాయన గొంతు సవరించుకుని. "డబుల్ ఏజెంట్. బయటిదేశం మనిషి. టీచరమ్మ తన మనిషే అనుకుంటోంది. నిజానికి మన మనిషి."

"ఆ సంగతి మనకెవరు చెప్పారు సార్?"

"నెమలే చెప్పింది."

పిల్లి కాపలా ఉంటానంటే పాలగిన్నె మూత తీసిచ్చే ఆఫీసు అది.

"నా దొంగపేరు ఏమిటి?"

"నీ అసలు పేరే. దొంగపేరుకి కొత్త ఫైలు తెరవాలంటే పైనుంచి సంతకం రావాలి. సంతకం పెట్టేవాడు సెలవులో ఉన్నాడు."

"ఐడియా నాదే," అంది నెమలి, గోళ్లు చూసుకుంటూ. "అబద్ధాలు ఎంత తక్కువుంటే అంత మంచిది కదా, డియర్?"

ముంగిస పెద్దాయన వైపే చూశాడు. "సార్, శుక్రవారం నాకు సెలవు కావాలి. రెండు నెలల కిందటే అడిగాను. నా భార్యకి వీసా ఇంటర్వ్యూ."

"ఎవరి భార్యకి?"

"నా భార్యకే సార్. ఆమెదీ బయటిదేశమే. రెండుసార్లు కొట్టేశారు. ఇది ఆఖరిసారి. ఈసారీ కాదంటే సామాను సర్దుకుని దేశం వదిలిపోవాలి."

పెద్దాయన సొరుగులోంచి అతని సర్వీసు ఫైలు తీశాడు. "ఇందులో నువ్వు బ్రహ్మచారివి."

"వీసా ఆఫీసు పెళ్లిని ఒప్పుకుంటే ఇందులో రాస్తామని మీరన్నారు. మీరు రాస్తే ఒప్పుకుంటామని వాళ్లన్నారు."

"అయితే ఇంకేం, వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు," అని పెద్దాయన ఫైలు మూసేశాడు.

ఇంట్లో అంతకంటే పెద్ద ఆపరేషన్ నడుస్తోంది. నేలమీద పాతదుప్పటి పరిచి, ముంగిస తల్లీ భార్యా పెళ్లికి సాక్ష్యాలు ఏరుతున్నారు. దుప్పటి మీద ఉన్నది దాదాపు దుప్పటే.

ఫోటోలు లేవు. ఏజెంటు ఫోటో దిగకూడదని విభాగం రూలు. ఉత్తరాలు లేవు, చదివాక కాల్చెయ్యాలి. అద్దె ఒప్పందం గొడుగుల గోదాము పేరు మీద ఉంది. పెళ్లి ధ్రువపత్రం ఒక్కటే ఉంది. దాన్ని చూసి వీసా ఆఫీసువాళ్లు, "ఇది పెళ్లయిందని చెబుతుందిగానీ కాపురం చేస్తున్నారని చెప్పదుగా" అన్నారు. ఊరందర్నీ అనుమానించడానికి ఇచ్చే జీతాలు అవి. న్యాయంగానే సంపాదించుకుంటున్నారు.

భార్య తాళంచెవులు చేసే దుకాణంలో పనిచేస్తుంది. ఈ భాష ఆమె అత్త దగ్గరే నేర్చుకుంది. అందుకే మొగుడితో మాట్లాడినా, ముఖ్యంగా తిట్టినా, తల్లి గొంతే వినబడేది.

"పోయినసారి ఆఫీసరు మీరిద్దరూ దేనికి పోట్లాడుకుంటారు అన్నాడు," అంది ఆమె. "ఇంట్లో ఉంటేగా పోట్లాడ్డానికి అన్నాను. అనుమానాస్పదం అని రాసి పంపేశాడు."

"నిజం చెబితే అంతేనే పిల్లా," అంది తల్లి. "ఒరేయ్, ఈసారన్నా వస్తావా? మొగుడు లేని ఇంటర్వ్యూకి పెళ్లికొడుకు లేని పెళ్లికి వెళ్లినట్టు వెళ్తున్నాం, చూసేవాళ్లకి నవ్వులాట."

"డ్యూటీ ఉందమ్మా. ఎలాగోలా వస్తాను."

"ఏ నెలలో?" అంది భార్య.

ముంగిస అంటే శత్రువు గోళ్లు పీకినా పెదవి విప్పని మనిషి. ఆ గొప్పతనం ఇంట్లో ఎవరికి కావాలి?

భార్య లేచి గుమ్మం దగ్గరికెళ్లి, తలుపుకు వేసే ఇనుపతాళం చేత్తో తూచింది. పాతకాలం తాళం, పిడికిలంత బరువు. "దీన్ని తీసుకెళ్తాను. రెండు చెవులు. ఒకటి నా దగ్గర, ఒకటి నీ దగ్గర. వేరే ఇంట్లో ఉండేవాడి జేబులో నా ఇంటి చెవి ఎందుకుంటుంది? అడుగుతాను."

"జిరాక్సు తీయించమంటారు," అన్నాడు ముంగిస.

"తాళాన్నా?" అంది తల్లి. "తియ్యమను వాళ్లనే!"

టీచరమ్మ క్లాసు ఒక మూతపడ్డ టైపింగ్ స్కూల్లో జరిగింది. ఏడు జంటలూ బెంచీల మీద కూర్చున్నాయి. అందరి ఒళ్లోనూ ఆల్బమ్. ఆరు చనిపోయిన ఫోటోగ్రాఫర్ తీసినవి, ఏడోది అదే స్టూడియోలో కొత్తగా వచ్చినవాడు తీసింది. ముంగిస, నెమలి నాలుగేళ్ల కాపురం ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. సముద్రం తెర, కొండల తెర, ఆస్పత్రి మంచం తెర. ముంగిసకి మీసం అంటించి ఒక సంవత్సరం, పీకి ఇంకో సంవత్సరం. ఏజెంటు ఫోటో దిగకూడదన్న రూలు డ్యూటీలో ఉన్నప్పుడు వర్తించదట. సొంత పెళ్లాం పక్కన నిలబడితేనే దేశం మునుగుతుంది.

టీచరమ్మ బెత్తంతో బల్ల మీద కొట్టింది.

"అసలు పోట్లాడని జంటని ఆఫీసరు నమ్మడు. పోట్లాట ఉండాలి. చిన్నది, ముద్దుగా ఉండేది. రాసుకోండి. ఆయన స్నానం చేసొచ్చి తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. ఆవిడకి కోపం. అంతే. ఇంకేం కల్పించొద్దు, మీ తెలివితేటలు నాకు తెలుసు."

"అందరూ ఇదే చెబితే?" అన్నాడు వెనక బెంచీ మొగుడొకడు.

"చెప్పండి. నా దగ్గర చదివి పాసయినవాళ్లందరూ ఇదే చెప్పారు. ఆఫీసర్లు రాసుకుని టిక్కు పెట్టుకున్నారు. మీ మొహాలు చూసి ఎవడు రాస్తాడనుకున్నారు? వాళ్లు వినాలనుకున్నది మీరు చెప్పాలి."

ముంగిస కలం ఆగింది. *తడి తువ్వాలు కాదు.*

అర్థమైంది. అందరిదీ తువ్వాలే. సూది ఉన్న జంట మాత్రం ఇంకేదో పోట్లాట చెబుతుంది. ఆ మాటే కోడ్. అంటే వినడానికి కౌంటర్ అవతల ముఠా మనిషి ఉన్నాడు.

ఈ సంగతి అతను నెమలికి చెప్పలేదు. అనుమానం వచ్చి కాదు. పక్కనున్నవాళ్లకి ఏదీ చెప్పకపోవడం అలవాటు. ఇంట్లో ఆ అలవాటు వల్ల కొంప మునుగుతోంది. ఆ రోజు మాత్రం అదే అతని ప్రాణం కాపాడింది.

శుక్రవారం వీసా ఆఫీసు హాలు. బోల్టులు బిగించిన ఇనుపకుర్చీలు, గోడమీద టోకెన్ నంబర్ల బోర్డు, మూలన నీళ్లు రాని నీళ్లమిషన్. జనం ఫైళ్లను పసిపిల్లల్లా గుండెలకి హత్తుకుని కూర్చున్నారు. పసిపిల్లలు నేలమీద పాకుతున్నారు.

ముంగిస ముందే వచ్చి, ముఠా టోకెన్లన్నీ పిలిచే నాలుగో కౌంటర్ అంచు కింద, నమిలిన చూయింగ్ గమ్‌తో గింజంత మైక్ అంటించాడు. చెవిలో రిసీవర్. కోటు కాలర్‌లో ట్రాన్స్‌మిటర్. బయట రంగులు వేసేవాళ్ల వేషంలో విభాగం మనుషులు. 'గొడుగు తెరవండి' అంటే లోపలికి రావాలి. నిజంగానే గోడకి రంగు వేస్తున్నారు వెధవలు, వేషంలో లీనమైపోయి.

తర్వాత నెమలి చెయ్యి పట్టుకుని, నవ్వుతూ, హాల్లోకి మళ్లీ వచ్చాడు.

ఎదురు వరసలో అతని తల్లి, భార్య.

"పిల్లా," అంది తల్లి మెల్లగా. "అటు చూడు. వద్దులే, చూడకు."

భార్య అప్పటికే చూసింది. ముందు ఆకుపచ్చ పట్టుని, తర్వాత ఆ చేతిని, తర్వాత ఆ చెయ్యి ఎవరి చేతిలో ఉందో దాన్ని. ఒళ్లో సంచీ పట్టీని చేతికి ఒక చుట్టు చుట్టుకుంది.

"ఎవరు ఆ పల్లెటూరి మొహాలు? నీ వంకే చూస్తున్నారు," అంది నెమలి.

"ఎవరో," అన్నాడు ముంగిస. ఉద్యోగంలో చేరాక చెప్పిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు. అదొక్కటీ ఒక ఎత్తు.

నాలుగో కౌంటర్ అద్దం వెనక బట్టతల ఆఫీసరు. ఎడంచేతి పక్కన ఊదారంగు సిరాపెట్టె, ఇత్తడి పిడి ఉన్న ముద్ర. మొదటి జంట వెళ్లింది. ముంగిస చెవిలో మాటలు పడ్డాయి.

"దేనికి పోట్లాడుకుంటారు?"

"తడి తువ్వాలు సార్. మంచం మీద."

"సరే. నిర్ణయం పోస్టులో వస్తుంది."

రెండో జంట, తువ్వాలు. మూడో జంటలో మొగుడు కంగారుపడి తువ్వాలు ఆవిడే పడేస్తుందన్నాడు. నాలుగు, ఐదు, తువ్వాలే. అందరికీ పోస్టే. ఆరో జంట లేచింది. ముంగిస రిసీవర్‌ని చెవికి నొక్కుకున్నాడు. ఇక వీళ్లే. వీళ్లు కాకపోతే...

"తువ్వాలండీ. ఎన్నిసార్లు చెప్పినా వినరు."

ఇక మిగిలింది తన పక్కనున్నదే. ఏడో టోకెన్ బోర్డు మీద వెలిగింది.

నెమలి కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసింది. ఆఫీసరు ఆమెనే చూశాడు.

"దేనికి పోట్లాడుకుంటారు?"

"గోడ గడియారం," అంది నెమలి తీయగా. "ఆయన ముందుకి తిప్పుతారు. నేను వెనక్కి తిప్పుతాను."

ఆఫీసరు ఆల్బమ్ తెరవనే లేదు. పాస్‌పోర్టు చదును చేసి, ముద్రని సిరాలో అద్దాడు.

అప్పుడు తలకెక్కింది ముంగిసకి. సొంత పేరు ఎవరి ఐడియా? విభాగం ఉద్యోగికి పెళ్లయినట్టు వీసా ఆఫీసు ఒప్పుకుంటే ఆ పెళ్లాం పేరు ఆటోమేటిక్‌గా సర్వీసు ఫైల్లోకి ఎక్కుతుంది. ఫైల్లోకి ఎక్కితే గేట్ పాస్. గేట్ పాస్ ఉంటే 'పాత సామాను' తలుపు దాటి, కోడ్ గదిదాకా అడిగే దిక్కుండదు. సూదిని వెతకమని సూది పక్కనే కూర్చోబెట్టారు! విభాగమే పెళ్లికొడుకుని ఇచ్చింది, విభాగమే మధ్యవర్తిగా నిలబడింది. ఫైల్లో బ్రహ్మచారి అని ఉంది కాబట్టి ముఠా అతన్నే ఎంచుకుంది. సొంత పెళ్లాన్ని ఆ ఫైల్లోకి ఎక్కించలేక అతను రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగాడు. దీనికి ఒక గడియారం చాలింది.

ముద్ర కిందికి దిగుతోంది.

ముంగిస అద్దం కింది సందులోంచి చెయ్యి దూర్చి, పాస్‌పోర్టు మీద అరచెయ్యి వెల్లకిలా పరిచాడు. ఇత్తడి ముద్ర దబ్బున చేతిమీద పడింది. ఎముక కలుక్కుమంది.

"గొడుగు తెరవండి!" అని కాలర్‌లోకి అరిచాడు.

బయట రంగుల మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు ఎండగా ఉంది.

నెమలి నవ్వు మారలేదు. జుట్టుముడిలోంచి ఉక్కుపిన్ను లాగింది. ఫోటోగ్రాఫర్ కనుబొమ్మ కింద దిగింది దాని అన్నే. "సారీ డియర్," అంది. ముంగిస కుడిచెయ్యి అద్దం కింద ఇరుక్కుని ఉంది. లాగినా రాలేదు. పిన్ను మెడ మీదికి వస్తోంది.

"ఒరేయ్!"

హాలంతా ఉలిక్కిపడింది. తల్లి గొంతు కాదు, అదే గొంతు పట్టిన భార్య. చేతికి చుట్టుకున్న సంచీ గుండ్రంగా తిరిగి గాల్లోకి లేచింది. ముంగిసకి ఆ గొంతు వింటే తల వంచడం చిన్నప్పట్నుంచీ అలవాటు. వంచాడు. సంచీలో ఉన్న ఇనుపతాళం అతని తలమీదుగా వెళ్లి సూది కణతకి తగిలింది.

ఎన్నో రహస్య కేంద్రాలు పేల్చిన సూది, నీళ్లు రాని నీళ్లమిషన్ని కౌగిలించుకుని కిందికి జారిపోయింది.

బట్టతల ఆఫీసరు అద్దం పక్క తలుపులోంచి హాల్లోకి దూకి బయటికి పరిగెత్తాడు. కుర్చీలోంచి కదలకుండానే తల్లి కాలు అడ్డంపెట్టింది. అప్పటికి రంగుల మనుషులు బ్రష్షులతో సహా వచ్చారు. గేటు బయట ఫలితం కోసం నిలబడ్డ టీచరమ్మని కూడా పట్టుకున్నారు. వ్యానెక్కుతూ కూడా ఆమె తన జంటల్ని తిడుతూనే ఉంది, ముఖ్యంగా మూడో జంట మొగుణ్ణి.

వాళ్లు అద్దం ఎత్తి చెయ్యి విడిపించాక ముంగిస భార్య వైపు తిరిగాడు. "సమయానికి కొట్టావు. పిన్ను చూశావా?"

"పిన్నేంటి? నిన్ను కొట్టబోయాను. గురి తప్పింది." ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు. "ఎవరది? డ్యూటీయా? చెయ్యి పట్టుకోవడం ఏ డ్యూటీ? నేనెవరని అది అడిగితే ఎవరో అన్నావు కదా! పెదాలు చదవడం నాకు రాదనుకున్నావా? నువ్వే నేర్పావు!"

"కోడలా, ఇంకా గట్టిగా. అటుపక్క కౌంటర్‌కి వినబడలేదు," అంది తల్లి.

వినబడింది. ఐదో కౌంటర్‌లో ఉన్న ఆఫీసరమ్మ టిఫిన్ డబ్బా మూత మూసి, టోకెన్ బోర్డు వైపు వేలు చూపించింది. తర్వాతి నంబరు భార్యదే.

"ఈయన మీ భర్తా?"

"అవునండీ, నా ఖర్మ."

"కలిసి ఉన్నట్టు రుజువు?"

భార్య సంచీలోంచి తాళం తీసి బల్లమీద పెట్టింది. ముంగిస ఎడంచేత్తో జేబులోంచి చెవి తీసి తాళంలో తిప్పాడు. టక్కుమని తెరుచుకుంది. ఆఫీసరమ్మ ఆ తాళాన్ని ఏ ఫైల్లో పెట్టాలా అని చూసింది. "ఇద్దరూ ఉన్న ఫోటో ఒక్కటన్నా ఉండాలమ్మా. లేకపోతే నేనేం చెయ్యలేను."

అంత జరిగినా ఫోటో కావాలట! బట్టతలవాడు డబ్బుకి గుడ్డివాడు. ఈవిడ పైసా తీసుకోకుండానే.

అప్పుడు సెక్యూరిటీ గార్డు పోలీసుల కోసం హాలు కెమెరాలోంచి తీయించిన ప్రింటు పట్టుకుని వచ్చాడు. ఆఫీసరమ్మ దాన్ని లాక్కుని చూసింది. ముంగిస అద్దం కింద చెయ్యి ఇరుక్కుని తల వంచి ఉన్నాడు. వెనక అతని భార్య, నోరు తెరిచి, సంచీ ఎత్తి. మొగుడూ పెళ్లాం కలిసి దిగిన మొట్టమొదటి ఫోటో అది.

"మొహాలు స్పష్టంగా ఉన్నాయి," అంది ఆఫీసరమ్మ. ప్రింటుని ఫైలుకి గుచ్చింది. సంతకం పెట్టింది. "అనుమతించాను."

భార్య అత్త చెయ్యి వెతికి పట్టుకుంది.

"ముద్ర మాత్రం రేపు," అంది ఆఫీసరమ్మ. "ఇప్పుడు దాన్ని పోలీసులు సాక్ష్యంగా పట్టుకెళ్లారు. వేరే ముద్ర లేదు. రేపు రండి."

రేపు రండి. ఆ మాట ఆ ఇంట్లో ముగ్గురూ ఎన్నిసార్లు విన్నారో! భార్య కళ్లు తుడుచుకుంది. మొగుడి కుడిచెయ్యి పట్టుకుని తిప్పింది. వాచిన అరచేతిలో ఊదారంగు సిరాతో, అక్షరం చెక్కుచెదరకుండా, 'అనుమతించడమైనది' అని ఉంది.

"రేపు మీ ముద్ర దొరక్కపోతే?" అని ఆఫీసరమ్మని అడిగింది. జవాబు కోసం ఆగలేదు. "ఈ చెయ్యి రేపటిదాకా నా దగ్గరే ఉంటుంది. కడగనివ్వను. అత్తయ్యా, ఆ పక్క మీరు పట్టుకోండి."

ముంగిస చెవిలో పెద్దాయన గొంతు గరగరమంది. "శభాష్! నెమలి మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. సరే, కొత్త అసైన్‌మెంట్. గంటలో విమానం. వెంటనే బయల్దేరు."

ముంగిస ఒకపక్క తల్లినీ, ఇంకోపక్క భార్యనీ చూశాడు. మెడ వంచి, కాలర్‌లోకి మర్యాదగా చెప్పాడు.

"రాలేను సార్. నా చెయ్యి ఇమిగ్రేషన్‌లో పెండింగ్‌లో ఉంది."